డీజిల్ పికప్ బండిలో ఫీడ్ పంపు చెడితే: గుర్తించడం, ఇంటి దగ్గరే మార్చుకోవడం

కోసిన టమాటా, వంగ, ఆకుకూరలను రాత్రే బండికెత్తి తెల్లవారేసరికి మార్కెట్ యార్డుకు చేర్చాలి. మదనపల్లె అయినా, బోయిన్‌పల్లి అయినా వేలం ముగిశాక చేరిన సరుకును మంచి ధరకు అడిగేవారుండరు. అలాంటి వేళ బండి స్టార్టు కాకపోయినా, ఎత్తులో లోడు లాగలేక ఆగిపోయినా నష్టం మరమ్మతు ఖర్చుతో పోదు, పంట మీద కూడా పడుతుంది.

ఇంజనుకు డీజిల్ అందడం లేదనగానే చాలామంది పంపు పోయిందనుకుని కొత్తది కొంటారు. నిజానికి ఎక్కువ సందర్భాల్లో లోపం ఫిల్టరులోనో, గొట్టంలోనో, ట్యాంకులోనో ఉంటుంది. అందుకే రైతు సోదరులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, పంపే చెడిందని తేల్చుకున్నాకే దాన్ని విప్పాలి. రెండు, ఇంటి దగ్గర మార్చదగినది తక్కువ ఒత్తిడితో పనిచేసే ఫీడ్ పంపు మాత్రమే. నాజిళ్లకు డీజిల్ కొట్టే పెద్ద పంపు జోలికి పోకూడదు.

ఫీడ్ పంపు ఏం చేస్తుంది?

ట్యాంకులోని డీజిల్‌ను లాగి, ఫిల్టరు మీదుగా పెద్ద పంపుకు అందించేది ఫీడ్ పంపు. దీని ఒత్తిడి సుమారు 1 నుంచి 2 బార్ వరకు ఉంటుంది. పెద్ద పంపు అదే డీజిల్‌ను వందల బార్ల ఒత్తిడితో నాజిళ్లకు పంపుతుంది. ఫీడ్ పంపు బలహీనపడితే బండి ఖాళీగా బాగానే నడిచి, లోడు పడగానే మూలుగుతుంది.

మీ బండికి ఏ పంపు ఉందో ముందు చూసుకోండి

• పిస్టన్ రకం: పెద్ద పంపు మీద సిలిండరుకు ఒకటి చొప్పున ఇనుప పైపులు వరుసగా ఉంటాయి. దాని పక్కన మూడు నట్లతో బిగించిన చిన్న పంపు, పైన చేత్తో కొట్టే గుండ్రటి పిడి కనిపిస్తాయి. పాత డీజిల్ పికప్‌లలో, 50 హెచ్‌పీ లోపు ట్రాక్టర్లు చాలావాటిలో ఇదే ఉంటుంది. దీన్ని ఇంటి దగ్గర మార్చుకోవచ్చు.

• డయాఫ్రం రకం: ఇంజను బ్లాకుకు నేరుగా బిగించి ఉంటుంది. చేత్తో ఆడించే చిన్న లివరు ఉంటుంది. దీన్ని కూడా మార్చుకోవచ్చు.

• రోటరీ పంపు: పైపులన్నీ పంపు వెనుక నుంచి గుండ్రంగా బయటికి వస్తాయి. చాలావాటిలో డీజిల్ లాగే భాగం పంపు లోపలే ఉంటుంది. దీన్ని డీజిల్ పంపు సర్వీసు షాపుకే ఇవ్వాలి.

• కామన్ రైల్: నాజిళ్ల మీద కరెంటు వైర్లు, అన్నింటికీ కలిపి ఒక మందపాటి రైలు గొట్టం ఉంటాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక వచ్చిన డీజిల్ పికప్‌లన్నీ, అంతకు ముందువాటిలో చాలా వరకు ఈ రకానివే. ఇందులో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. ఇంటి దగ్గర ఏ పైపూ వదులు చేయరాదు.

• పెట్రోలు, సీఎన్‌జీ బండ్లు: పెట్రోలు పంపు ట్యాంకు లోపల ఉండి కరెంటుతో నడుస్తుంది. పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఇంటి దగ్గర విప్పవద్దు.

కింద చెప్పిన పద్ధతి మొదటి రెండు రకాలకే వర్తిస్తుంది.

పంపును అనుమానించే ముందు చూడవలసినవి

1. స్టాప్ కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడండి. సగంలో ఇరుక్కుంటే డీజిల్ అందదు.

2. ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. దాన్ని శుభ్రం చేస్తే సరిపోతుంది.

3. ఫిల్టరు అడుగున ఉన్న మర వదులు చేసి నీరు, మడ్డి తీసేయండి. ఫిల్టరు మార్చే గడువు దాటితే ముందు దాన్నే మార్చండి.

4. ట్యాంకు నుంచి పంపు వరకు రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్ల నుంచి డీజిల్ కారకపోయినా గాలి లోపలికి వెళ్లగలదు. రాత్రి ఆపిన బండి పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్టు కాకపోవడం గాలి చేరుతోందనడానికి గుర్తు.

5. ఫీడ్ పంపులోకి డీజిల్ వచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది. దాన్ని తీసి డీజిల్‌తో కడగండి. చాలామంది దీన్ని ఏళ్ల తరబడి చూడరు.

పంపే చెడిందని తేల్చే రెండు పరీక్షలు

క్యాను పరీక్ష: శుభ్రమైన డీజిల్ పోసిన క్యానును పంపు కంటే ఎత్తులో కదలకుండా కట్టండి. సైలెన్సరుకు దూరంగా ఉండాలి. క్యాను నుంచి గొట్టాన్ని ఫీడ్ పంపు లోపలికి వెళ్లే దారికి తగిలించి, గాలి తీసి, బండి స్టార్టు చేయండి. ఇప్పుడు బాగా నడిస్తే పంపులో లోపం లేదు. ట్యాంకుకు, పంపుకు మధ్య ఉన్న దారిలోనే ఉంది. ఎత్తు నుంచి డీజిల్ దానంతటదే దిగుతుంది కాబట్టి, గొట్టం కూడా బాగుంటే రెండో పరీక్షతో పంపు బలం తేల్చుకోండి.

సీసా పరీక్ష: గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయండి. స్టాప్ కేబుల్ లాగి పెట్టండి. పంపు నుంచి బయటికి వెళ్లే పైపు విప్పి, ఆ చోట గొట్టం తగిలించి కొసను సీసాలో పెట్టండి. ఒకరు 10 సెకన్లు సెల్ఫ్ కొట్టాలి, మరొకరు ఫ్యానుకు, బెల్టుకు దూరంగా నిలబడి చూడాలి. డీజిల్ ఆగి ఆగి గట్టిగా చిమ్మాలి. పంపులోకి డీజిల్ బాగా వస్తూ, బయటికి సన్నగా కారినా, అసలు రాకపోయినా లోపం పంపులోనే ఉంది. స్టాప్ కేబుల్ లేకుండా తాళంతోనే ఆగే బండి అయితే ఈ పరీక్షను మెకానిక్ చేత చేయించండి.

పిస్టన్ రకం పంపులో రెండు చిన్న వాల్వులు ఉంటాయి. వాటి కింద నలుసు ఇరుక్కున్నా పంపు పనిచేయదు. విప్పి కడిగి, అవసరమైతే వాల్వులు, స్ప్రింగులు, వాషర్లు ఉన్న కిట్టు వేస్తే కొత్త పంపు ఖర్చు తప్పుతుంది.

ఇంజను ఆయిల్ కూడా చూడండి. డయాఫ్రం చిరిగితే డీజిల్ ఇంజనులోకి దిగుతుంది. ఆయిల్ మట్టం పెరిగి, పలచబడి, డీజిల్ వాసన వస్తుంది. ఆ స్థితిలో బండి నడిపితే బేరింగులు పోతాయి. పంపుతో పాటు ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాలి.

సిద్ధం చేసుకోవలసినవి

పాత పంపు మీద ఉన్న నంబరు ఫోనులో ఫొటో తీసి షాపులో చూపండి. వీలైతే పాత పంపునే తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. పంపుతో పాటు కొత్త గ్యాస్కెట్టు, రాగి వాషర్లు, డీజిల్ ఫిల్టరు కొనండి. 10 నుంచి 19 సైజు వరకు స్పానర్లు, రెండు లీటర్ల శుభ్రమైన డీజిల్, బ్రష్షు, ఒక ట్రే, పీచు వదలని బట్ట, పైపు మూతులు కట్టడానికి ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండ్లు సిద్ధంగా ఉంచుకోండి.

మార్చే విధానం

1. బండిని చదునైన నేల మీద ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వద్దు.

2. పంపు చుట్టూ ఉన్న మట్టి, జిడ్డును బ్రష్షుతో కడగండి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా పెద్ద పంపు, నాజిళ్లు దెబ్బతింటాయి.

3. ట్యాంకుకు ట్యాపు ఉంటే కట్టేయండి. లోపలికి వచ్చే పైపు ఏది, బయటికి వెళ్లేది ఏది అన్నది గుర్తు పెట్టుకుని విప్పండి. పైపు మూతులు వెంటనే కవరుతో కట్టేయండి.

4. పంపు నట్లను ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా, మార్చి మార్చి వదులు చేయండి. లోపలి స్ప్రింగు పంపును బయటికి తోస్తుంది కాబట్టి చేత్తో పట్టుకుని తిన్నగా లాగండి.

5. రంధ్రానికి బట్ట అడ్డం పెట్టి పాత గ్యాస్కెట్టు ముక్కలు గీకేయండి. ముక్క లోపల పడకూడదు.

6. కొత్త పంపును బిగించే ముందే గొట్టం ఒక కొసను డీజిల్‌లో ముంచి చేత్తో కొట్టి చూడండి. డీజిల్ లాగి, బయటికి వదలాలి.

7. రోలరుకు లేదా లివరుకు కాస్త ఇంజను ఆయిల్ రాసి, గ్యాస్కెట్టు పెట్టి పంపు కూర్చోబెట్టండి. సరిగ్గా కూర్చోకపోతే నట్లతో బలవంతంగా లాగవద్దు, పంపు చెవులు విరుగుతాయి. కామ్ ఎత్తులో ఉందని అర్థం. ఇంజనును చేత్తో కొద్దిగా తిప్పి మళ్లీ పెట్టండి. తర్వాత నట్లను సమానంగా బిగించండి.

8. పైపు బోల్టులకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి. పాతవి వేస్తే గాలి లాగుతాయి.

గాలి తీయడం

పంపు బాగా బిగించినా, గాలి తీయకపోతే బండి స్టార్టు కాదు. ముందు ఫిల్టరు మీది గాలి మర వదులు చేసి, చేతి పిడిని కొట్టండి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక, కొడుతూనే మర బిగించండి. తర్వాత పెద్ద పంపు మీది గాలి మర దగ్గర కూడా ఇలాగే చేయండి. చివరికి పిడిని కిందికి నొక్కి, తిప్పి గట్టిగా బిగించాలి. డయాఫ్రం పంపు లివరు ఆడించినా డీజిల్ రాకపోతే ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నించండి.

కారిన డీజిల్ తుడిచాకే బ్యాటరీ వైరు తగిలించండి. ఒకేసారి 10–15 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి. స్టార్టయ్యాక పది నిమిషాలు నడవనిచ్చి, చెమ్మ ఎక్కడైనా ఉందేమో చూడండి. మొదట ఖాళీ బండిని ఊరి చుట్టుపక్కల నడిపి చూశాకే లోడు ఎత్తండి. మర్నాడు ఆయిల్ మట్టం మరోసారి చూడండి.

తప్పనిసరి జాగ్రత్త

నాజిలు పైపులు వదులు చేసి గాలి తీసే అలవాటు కొందరికి ఉంది. అక్కడ చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, లోపల కండ చచ్చిపోయి వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి. లీకు వెతకడానికి చేయి పెట్టవద్దు, అట్టముక్క వాడండి.

పంపు ఎక్కువ కాలం మన్నాలంటే

సాయంత్రం ట్యాంకు నింపి ఉంచితే లోపల చెమ్మ పట్టదు. డ్రమ్ములో నిల్వ చేసిన డీజిల్‌ను సన్నటి జాలీ గరాటుతో వడపోయండి, అడుగున ఉన్నది పోయవద్దు. కిరోసిన్ కలిపితే పంపుకు జిడ్డు చాలక త్వరగా అరుగుతుంది. ఫిల్టరును కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకే మార్చండి. తీసిన డీజిల్, ఆయిల్ పొలంలో, కాలువలో పారబోయవద్దు.

ఇంజను పనులు చేత్తో నేర్చుకోవాలనుకునే రైతులకు, గ్రామీణ యువతకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇస్తారు. సీజను మొదలుకాక ముందే నేర్చుకుంటే కోత రోజుల్లో బండి ఆగినా కంగారు పడనక్కర్లేదు.