విదేశాలకు ధ్రువపత్రాలు.. ఏ రాష్ట్రం ముద్ర కావాలి?

భద్రాచలం: ఉద్యోగం, ఉన్నత చదువు, వివాహ అవసరాలపై విదేశాలకు వెళ్లేవారు జనన, వివాహ, విద్యార్హత పత్రాలకు ప్రభుత్వ ధ్రువీకరణ పొందవలసి ఉంటుంది. నోటరీ సంతకంతోనే పని పూర్తవుతుందనుకోవడం పొరపాటు. సాధారణంగా పత్రం జారీ అయిన రాష్ట్రంలోని నిర్దేశిత శాఖ తొలుత దానిని పరిశీలించి ముద్ర వేస్తుంది. ఆ తరువాతే కేంద్ర విదేశాంగ శాఖ వంతు.

వెళ్లే దేశాన్ని బట్టి తదుపరి ప్రక్రియ మారుతుంది. 1961 నాటి హేగ్ ఒప్పందంలోని దేశాలకు విదేశాంగ శాఖ పత్రంపై అంటించే 'అపోస్టిల్' చీటీ సరిపోతుంది. మన దేశంలో ఈ విధానం 2005 జులై 14న అమలులోకి వచ్చింది. ఒమన్, బహ్రెయిన్ ఇందులో ఉన్నాయి, సౌదీ అరేబియా 2022 డిసెంబరులో చేరింది. యూఏఈ, కువైట్, ఖతార్ చేరలేదు. అక్కడికి వెళ్లేవారు ఆయా దేశాల రాయబార కార్యాలయ ముద్ర కూడా వేయించుకోవాలి. గల్ఫ్ అంతా ఒకటేనని భావించి బయలుదేరితే ప్రయాణం వాయిదా పడక తప్పదు.

అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము పత్రానికి రూ.50. 2012 నుంచి విదేశాంగ శాఖ వ్యక్తుల వద్ద నేరుగా పత్రాలు తీసుకోవడం లేదు. అధీకృత సంస్థల ద్వారానే సమర్పించాలి, వాటి సేవా రుసుము అదనం. 2019 నుంచి హైదరాబాదులోనూ ఈ సేవ లభిస్తున్నందున ఢిల్లీ వరకు పంపే అవసరం తప్పింది.

సరిహద్దు వాసులకు అసలు చిక్కు మొదటి ముద్ర వద్దనే. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలతో పాటు బూర్గంపాడులోని కొన్ని గ్రామాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం తెలంగాణలో ఉండగా దానిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇక్కడి వారి పాత పత్రాలపై ఖమ్మం జిల్లా అనే ఉంటుంది. అది చూసి హైదరాబాదుకు పరుగెత్తకుండా, ప్రస్తుతం తమ గ్రామ రికార్డులున్న కార్యాలయం నుంచి జనన ధ్రువపత్రం కొత్త ప్రతి తీసుకోవడం మేలు. దానిని జారీ చేసిన రాష్ట్రంలోనే తొలి ధ్రువీకరణ జరగాలి.

ఇళ్ల వద్దనే కాన్పులు జరిగిన అటవీ గ్రామాల్లో అసలు జనన నమోదే లేనివారూ ఉంటారు. ఏడాది దాటిన నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన చట్ట సవరణతో కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఈ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇందుకు సమయం పడుతుంది కనుక వీసా వచ్చేదాకా ఆగరాదు. పత్రాలకు లామినేషన్ చేయించకూడదు, ముద్రలు, చీటీ నేరుగా కాగితంపైనే పడాలి.