అమెరికా ప్రాంతీయ ఆంగ్ల నిఘంటువు

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఒక్కో ప్రాంతపు వాడుకకే పరిమితమైన ఆంగ్ల పదాలను, నుడికారాలను, ఉచ్చారణ భేదాలను నమోదు చేసిన బృహత్ నిఘంటువు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో (మాడిసన్) ఫ్రెడరిక్ కాసిడీ సంపాదకత్వంలో మొదలైంది.

క్షేత్ర పరిశోధన: 1965–70 మధ్య పరిశోధకులు 1,002 ఊళ్లలో 2,777 మందిని వెయ్యికి పైగా ప్రశ్నలున్న ప్రశ్నావళితో విచారించారు. పాత మాటలు మరుగున పడకముందే పట్టుకోవాలని వయసు మళ్లినవారికి ప్రాధాన్యమిచ్చారు. మాటతీరును టేపుల్లోనూ భద్రపరిచారు.

ఉదాహరణలు: తూనీగ ఉత్తరాదిన ‘డార్నింగ్ నీడిల్’, దక్షిణాదిన ‘స్నేక్ డాక్టర్’. కుండపోత వానకు ‘గల్లీ వాషర్’, ‘ఫ్రాగ్ స్ట్రాంగ్లర్’ అన్న పేర్లున్నాయి. పొడవాటి సాండ్‌విచ్‌ను ఫిలడెల్ఫియాలో ‘హోగీ’ అనీ, న్యూయార్క్‌లో ‘హీరో’ అనీ, న్యూ ఇంగ్లండ్‌లో ‘గ్రైండర్’ అనీ అంటారు. వీధికీ కాలిబాటకీ నడుమనుండే పచ్చిక పట్టీ ఒహాయోలోని ఆక్రన్ ప్రాంతంలో ‘డెవిల్ స్ట్రిప్’. పదాల వ్యాప్తిని చూపే పటాలు ఈ గ్రంథపు ప్రత్యేకత; జనసాంద్రతను బట్టి గీసినందున వీటిలో రాష్ట్రాల ఆకారాలు మారి కనిపిస్తాయి.

ప్రచురణ: హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం తొలి సంపుటిని 1985లో వెలువరించింది. 2000లో కాసిడీ మరణించాక జోన్ హ్యూస్టన్ హాల్ ప్రధాన సంపాదకురాలయ్యారు. అకారాది క్రమంలో చివరి పదాల సంపుటి 2012లో, అనుబంధంగా ఆరో సంపుటి 2013లో వచ్చాయి. డిజిటల్ ప్రతి కూడా 2013లోనే విడుదలైంది.