నీడకు బిల్లు రాదు

మే నెల కరెంటు బిల్లు వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోరు. మా వారు ఆ కాగితాన్ని కోర్టు నోటీసులా రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇదేమిటో చూశావా?" అంటారు. "రాత్రంతా ఏ.సి. వేసుకుని దుప్పటి ముసుగు తన్నేది ఎవరో?" అంటాను నేను. పిల్లలు మెల్లిగా జారుకుంటారు. బెజవాడలో కాపురం ఉన్నవాళ్ళకి ఏటా తప్పని వాయిదా ఇది.

కిందటి వేసవిలో మాత్రం ఆ గొడవ నవ్వులాటగా పోలేదు. మా అత్తయ్యగారికి వడదెబ్బ తగిలింది.

ఆవిడ గది మేడ మీద. నెత్తి మీద నేరుగా శ్లాబు. "ఏ.సి. పెట్టిస్తాం అత్తయ్యా" అని ఎన్నిసార్లు అన్నా, "నాకెందుకే అమ్మాయ్ ఆ మిషను? ఎండలు మనకి కొత్తా?" అని కొట్టిపారేసేవారు. బిల్లు గురించి కింద మేం పడే తగవు పైన ఆవిడ చెవిన పడుతోందని నాకు తట్టనే లేదు. ఓ మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని వెళ్ళేసరికి మంచం పక్కన నేలమీద పడి ఉన్నారు. ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది. ఉన్న వేడిగాలినే ఇటూ అటూ తిప్పుతోంది.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి తేరుకున్నారనుకోండి. 2015 వేసవిలో వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా పోతే, వారిలో ఎక్కువమంది మన ఆంధ్ర, తెలంగాణలవాళ్ళే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

ఇంటికి వచ్చాక ఆవిడ అన్న మొదటి మాట: "తెనాలిలో మా పుట్టింట ఇంతకన్నా ఎండలు కాసేవి. ఒక్కనాడూ ఇలా కాలేదే!"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ ఇంట్లో ఉన్నదేమిటి? మా ఇంట్లో లేనిదేమిటి?

ఆవిడది మండువా లోగిలి. చుట్టూ నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి ఆ మండువాలోకి దిగేది. పగలు వేడెక్కిన గాలి తేలికై అక్కణ్ణించే పైకి పోయేది. పెంకుల కప్పు ఎంత కాలినా, కప్పుకీ గదికీ మధ్య అటక ఉండేది. వేడి చాలావరకు అక్కడే ఆగిపోయేది. మనం అటక అంటే ఆవకాయ జాడీలకీ పాత ట్రంకు పెట్టెలకీ అనుకుంటాం గానీ, అది ఇంటికి గొడుగు! చుట్టూ వసారా ఉండేది గనక ఎండ నేరుగా గది గోడను తాకేది కాదు.

తెలంగాణ పల్లెల్లో ఇదే పద్ధతి ఇంటిని భవంతి అన్నారు. మీద గూన పెంకులు, కింద మందపాటి మట్టి గోడలు. అనంతపురం వైపు వెళితే వానలు తక్కువ కాబట్టి ఏటవాలు కప్పుతో పని లేదు. అక్కడ మిద్దె ఇళ్ళు. కప్పు మీద మందంగా చవుడు మట్టి పరిచేవారు. పగటి ఎండ ఆ మట్టిని దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకేది.

ఏ ఊరి ఎండకు ఆ ఊరి ఇల్లు! ఇంజనీరింగు చదవని మేస్త్రీలు కట్టారవి.

ఎండాకాలం రాగానే వాకిట్లో చలువ పందిరి లేచేది. పడమటి గుమ్మానికి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. అందులో సువాసనే కాదు, శాస్త్రమూ ఉంది. ఒక్క లీటరు నీరు ఆవిరి కావాలంటే మూడింట రెండు యూనిట్ల కరెంటుకు సరిపడా వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. వట్టివేళ్ళకు మోటారు తగిలిస్తే అదే మన కూలరు. అందుకే పొడిగాలి వీచే హైదరాబాదులో, అనంతపురంలో అది బాగా పనిచేస్తుంది. సముద్రపు తేమలో మునిగే విశాఖపట్నంలో దాన్ని పెట్టుకుంటే జిడ్డు తప్ప మిగిలేది లేదు.

ఇక దొరలూ, జమీందార్లూ పంకా పెట్టించుకున్నారు. పైకప్పుకు వేలాడే పొడవాటి చట్రం, దానికి బట్ట అంచు. దాని తాడు గోడ కంతలోంచి వసారాలోకి వెళ్ళేది. అక్కడ ఒక మనిషి కూర్చుని గంటల తరబడి లాగాలి. చెయ్యి నొప్పెడితే కాలికి కట్టుకుని లాగాలి. కునుకు పడితే తిట్లు, ఒక్కోసారి తన్నులు. 1924లో వచ్చిన ఫార్‌స్టర్ నవల 'ఎ పాసేజ్ టు ఇండియా'లో కోర్టు దృశ్యం ఉంది చూడండి, అందులో వాదప్రతివాదాలేమీ పట్టనట్టు పంకా లాగుతూ కూర్చునే మనిషి ఒకడుంటాడు. కాలేజీలో చదివినప్పుడు కథ కోసం పేజీలు తిప్పేశానే గానీ, ఆ మనిషిని నేనూ పట్టించుకోలేదు.

దొరలకి పంకా కూడా చాల్లేదు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు వచ్చాయి. 180 టన్నులతో బయల్దేరి నాలుగు నెలలు ప్రయాణం చేస్తే, దగ్గర దగ్గర వంద టన్నులు కరగకుండా చేరాయట! మద్రాసు సముద్రపు ఒడ్డున ఆ మంచు దాచడానికి కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందులు బస చేసింది అందులోనే.

ఏ.సి. సంగతి మరీ విచిత్రం. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ దాన్ని తయారుచేసింది మనుషుల కోసం కాదు. అచ్చాఫీసులో తేమకు కాగితాలు సాగిపోయి రంగులు సరిగా పడటం లేదని! కాగితాలు సుఖపడ్డాక మన వంతు వచ్చిందన్నమాట.

ఇదంతా చదివి "ఆహా, పాతకాలం!" అని నేను నిట్టూరిస్తే, మా అత్తయ్యగారు నవ్వారు. "ఏటేటా పెంకు సర్దించడం, వాన పడితే గిన్నెలు పెట్టడం, అటక మీద ఎలుకలు... శ్లాబు ఇల్లు చూసి మేమెంత సంబరపడ్డామో నీకేం తెలుసు?" అన్నారు. నిజమే. తాటాకిళ్ళవాళ్ళయితే ఎండాకాలమంతా నిప్పురవ్వకు భయపడుతూ బతికేవారు. శ్లాబు ఊరికే రాలేదు, ఆడవాళ్ళు కోరుకుంటేనే వచ్చింది.

నాకూ మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తాతయ్య భోంచేస్తున్నంతసేపూ పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరేది. అంతకుముందు రెండు గంటలు కట్టెల పొయ్యి ముందు ఉడికిన మనిషి. ఆవిడ అన్నం తింటుంటే ఎవరు విసిరారో నాకు గుర్తు లేదు. ఎవరైనా విసిరితే కదా గుర్తుండటానికి! వసారాలో పంకా లాగినవాడికీ, వంటింట్లో అమ్మమ్మకీ పెద్ద తేడా లేదు. ఒకరి చల్లదనం కోసం ఇంకొకరు చెమటోడ్చడం మనకు కొత్త కాదు. ఏ.సి. కూడా లోపలి వేడిని తీసుకెళ్ళి పక్కింటి కిటికీ వైపు కుమ్మరిస్తుంది.

అయితే మండువాలోనూ, చలువ పందిట్లోనూ ఒక మంచి మాట ఉంది. వేడిని లోపలికి రానిచ్చి తరమడం కన్నా గుమ్మంలోనే ఆపడం చవక. మా శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది. దాన్ని అలాగే వదిలేసి కింద ఏ.సి. వేయడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

ఇప్పుడు సర్కారు కూడా అదే దారికొచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. కప్పు తెల్లగా ఉంటే ఎండ చాలావరకు వెనక్కి పోతుందనే పాత సున్నం సూత్రమే అది. ఏ.సి.ల మీద నక్షత్రాల గుర్తులు 2006లో మొదలయ్యాయి. 2020 నుంచి అలాంటి కొత్త ఏ.సి. ఏది కొన్నా, వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని లెక్క.

మేమూ లెక్కలు వేసుకున్నాం. పాత ఫ్యాను 75 వాట్లు. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లు. రోజుకు పదిహేను గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకు ఇరవై యూనిట్లు మిగులు. యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కనుక మిగిలేవి ఖరీదైన యూనిట్లే. ఒక టన్నున్నర ఏ.సి. గట్టిగా నడిచేటప్పుడు తాగే కరెంటుతో ఆ పాత ఫ్యాన్లు ఇరవై తిరుగుతాయి!

అందుకని ఫ్యాన్లు మార్చాం. మేడ శుభ్రంగా కడిగించి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాం. దుమ్ముకు మాసిపోతుంది కనుక ఏటా వేయాల్సిందే. పడమటి కిటికీకి లోపలి కర్టెను తీసేసి బయట వెదురు తడిక కట్టాం. అద్దం దాటి వచ్చాక ఎండను కర్టెను ఏం ఆపుతుంది? ఆఖరుకి అత్తయ్యగారి గదిలో ఏ.సి. కూడా పెట్టించాం. 26 మీద ఉంచి, పైన ఫ్యాను తిప్పుతాం. ఎండ ముదిరిన మధ్యాహ్నాలు దాన్ని వేసే పూచీ నాది, కట్టేసే హక్కు ఆవిడకు లేదు. బిల్లు సగానికి సగం పడిపోయిందని కోతలు కొయ్యను. కాస్త తగ్గింది. దాని మీద తగువు మాత్రం మానేశాం.

సున్నం పని అయిన రోజు సాయంత్రం మా పనిమనిషి అంట్లు తోమి, వెళ్ళబోతూ ఆగింది. వాళ్ళది రేకుల ఇల్లు. మధ్యాహ్నం పసిపిల్లను తీసుకుని చెట్టు కిందికి పోతారట.

"అమ్మా, ఆ డ్రమ్ములో మిగిలిన సున్నం పారేస్తారా? మా రేకుల మీద పూసుకుంటా" అంది.

మేస్త్రీ నాలుగు సార్లు మేడెక్కి దిగినా నాకు రాని ఆలోచన అది. మర్నాడు మా వాడు డ్రమ్ము మోసుకెళ్ళాడు. జిగురు డబ్బా నేను కొత్తది కొనిచ్చాను.