చేదు చెట్టుకు చీడ

వేపచెట్టుకు జబ్బేమిటి, విడ్డూరం కాకపోతే అంటారేమో! 2021లో బతుకమ్మ పండుగకు సిద్దిపేటలో మా చిన్నమ్మ ఇంటికి వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆటో దిగి తలెత్తేసరికి గుండె గుభిల్లుమంది. వాకిట్లో నలభయ్యేళ్ళ వేపచెట్టు. ఎవరో కింద మంటపెట్టినట్టు కొమ్మల చివరలన్నీ మాడి వేలాడుతున్నాయి. సాయంత్రం కోమటిచెరువుకు బతుకమ్మలను సాగనంపి వస్తూ చూస్తే దారి పొడుగునా వేపలన్నిటిదీ అదే వరస.

"చెట్లకు గూడ కరోనా వచ్చిందట బిడ్డా" అంది పక్కింటి పెద్దమ్మ. మా తమ్ముడు అప్పటికే చెట్టు కొట్టే మనిషికి కబురు పెట్టాడు. చిన్నమ్మ మాత్రం "సచ్చిందో బతికిందో సూడకుంటనె నరుకుతవారా?" అని చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ పంతం పుణ్యమా అని నేను వేప చరిత్ర తిరగేశాను.

చీడపీడల చరిత్రలో వేపది ఎప్పుడూ వైద్యుడి వేషమే, రోగి వేషం కాదు. బియ్యం డబ్బాలో, పట్టుచీరల మడతల్లో ఎండు వేపాకు పెట్టడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వేపనూనెలోని చేదు పదార్థాలను వేరుచేసి, ఒకదానికి నింబిన్ అని పేరు పెట్టాడు. 1959లో సూడాన్ దేశం మీద మిడతలదండు పడింది. తక్కిన చెట్లన్నీ మోడులైపోయినా వేపలు పచ్చగా నిలబడి ఉండటం జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్ముటెరర్ కంటపడింది. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ అనే ఇద్దరు మిడతల నోరు కట్టేసే అజాడిరాక్టిన్‌ను వేపగింజల నుంచి బయటికి తీశారు. మొక్కలకు పట్టే బూజును వేపనూనెతో అరికట్టే పద్ధతి మీద ఒక అమెరికా కంపెనీకి, అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖకు కలిపి 1994లో యూరపులో పేటెంటు దక్కితే, మనవాళ్ళు పోరాడి 2000లో దాన్ని రద్దు చేయించారు. అప్పీలు కూడా 2005లో వీగిపోయింది.

చూశారా విధి వైపరీత్యం! బూజుకు మందు అని దేశాలు తగవులాడుకున్న చెట్టును చివరికి ఆ బూజే పట్టుకుంది. తెలంగాణలో చెట్లు మాడిన ఆ ఏడు జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చిన దోషులు ఇద్దరు. ఒకటి ఫోమాప్సిస్ అనే బూజు. ఇదేం కొత్తది కాదు, వేపను పట్టే ఈ రకానికి మైసూరు శాస్త్రజ్ఞులు 1997లోనే పేరు పెట్టారు. రెండోది తేయాకు దోమ. పేరుకు దోమే గాని ఇది నల్లి జాతిది, జీడిమామిడి రైతులకు పాత శత్రువు. సూదిలాంటి మూతితో లేత చివుళ్ళ రసం పీలుస్తుంది. ఆ గాయాల దారిన బూజు లోపలికి దూరుతుంది. మిడతను ఆపిన చేదు దీన్ని ఆపలేకపోయిందన్నమాట.

చెట్టుకు నాడి చూడటం మనవాళ్ళకు తెలియని సంగతి కాదు. సుమారు వెయ్యేళ్ళ కిందట సురపాలుడు రాసిన వృక్షాయుర్వేదంలో చెట్లకు కూడా వాత, పిత్త, కఫ రోగాలను లక్షణాలతో సహా విడదీసి చెప్పారు. ఆక్స్‌ఫర్డు గ్రంథాలయంలో ఉన్న ఆ ప్రతిని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ నళినీ సాధలే గారి ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసింది.

ఇంతకూ మనం చూడవలసిందేమిటి? మొదట్లో మట్టిగూళ్ళుంటే చెదలు. కాండానికి బెజ్జాలుండి పొట్టు రాలుతుంటే తొలిచే పురుగు. లేత కొమ్మల మీద నల్లమచ్చలు, జిగురు కనబడి, చివరి నుంచి కిందికి ఎండుతూ వస్తే ఈ దోమా బూజూ. ఆపైన బెరడును గోటితో గీకాలి. పచ్చదనం కనిపిస్తే చెట్టుకు ప్రాణం ఉన్నట్టే. చిన్నమ్మ గీకింది. పచ్చగానే ఉంది!

అంతే, గొడ్డలి మనిషికి కత్తిరింపు పని అప్పజెప్పారు. ఎండు కొమ్మలను కాస్త పచ్చి భాగంతో సహా తీయించి తగలబెట్టారు. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశారు. దీని పుట్టుకా తమాషాయే. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారినపోయేవాళ్ళు ద్రాక్ష తెంపకుండా ఈ రెండూ కలిపి చల్లేవారట. చల్లిన తీగలకు బూజు పట్టకపోవడం చూసి మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు 1885లో దాన్ని మందుగా లోకానికి చాటాడు. పెద్ద చెట్టుకు పైనుంచి మందు కొట్టడం మాత్రం ఇళ్ళ మధ్య మనకు మనం చేసే పని కాదు. వ్యవసాయాధికారిని అడిగే చేయాలి. మందు కొట్టిన చెట్టు పువ్వు ఆ ఏడు ఉగాది పచ్చడికి పనికిరాదు కూడా.

2022 ఉగాది పొద్దున్నే చిన్నమ్మ ఫోను. "పూత పల్చగనే ఉంది బిడ్డా, పచ్చడికైతే సాలు" అంది. మళ్ళీ వానలకు రెండు మూడు కొమ్మల చివర్లు మాడాయట. ఈసారి తమ్ముడే నిచ్చెన వేసుకుని కత్తెర పట్టాడట!