రాబోయేవారి పక్షాన వాదించేదెవరు? కాలిఫోర్నియా ఈస్ట్ బే గృహనిర్మాతల సంఘం వ్యాజ్యాలు (1971–1976)

వ్యాససంగ్రహం

స్థానిక గృహనిర్మాతల సంఘాలను సభ్యుల లాభం కోసం ఏర్పడిన ఒత్తిడి బృందాలుగా మాత్రమే చూడటం పరిపాటి. కాలిఫోర్నియాలోని ఈస్ట్ బే ప్రాంత సంఘం రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయిన రెండు వ్యాజ్యాల ఆధారంగా, ఊరికి ఇంకా రాని భావి నివాసుల ప్రయోజనం న్యాయవిచారణలో ఎలా చోటు సంపాదించుకుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గృహనిర్మాతల సంఘం, లేఅవుట్, నగర విస్తరణ, ప్రజాచొరవ, ప్రాంతీయ సంక్షేమం.

1. ఉపోద్ఘాతం

గృహనిర్మాణం స్వభావరీత్యా స్థానిక వృత్తి. అనుమతి, నీరు, మురుగుకాలువ, రోడ్డు అన్నీ స్థానిక పాలనతో ముడిపడినవే. అందుచేత అమెరికాలో 1942లో గృహనిర్మాతల జాతీయ సంఘం ఏర్పడినా, దైనందిన వ్యవహారం స్థానిక సంఘాల చేతుల్లోనే ఉండిపోయింది. కాంట్రాక్టర్లు, లేఅవుట్లు వేసేవారు, నివాసగృహాల నిర్మాణంతో సంబంధం ఉన్న ఇతరులు వీటిలో సభ్యులు. ఒక బిల్డరు ఒంటరిగా నగరంపై దావా వేస్తే, మరుసటి అనుమతికి మళ్లీ ఆ నగరం గడపే తొక్కాలి. సంఘం పేరిట వేసే దావాలో ఆ జంకు తక్కువ. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున పనిచేసిన ‘అసోసియేటెడ్ హోమ్ బిల్డర్స్ ఆఫ్ ది గ్రేటర్ ఈస్ట్ బే’ ఇందుకు చక్కని ఉదాహరణ.

2. వాల్‌నట్ క్రీక్: ఉద్యానం ఖర్చు ఎవరిది?

లేఅవుట్ ఆమోదానికి షరతుగా ఉద్యానానికి స్థలం ఇవ్వాలని, లేదా బదులుగా రుసుము చెల్లించాలని కోరే అధికారాన్ని 1965 నాటి క్వింబీ చట్టం కాలిఫోర్నియా నగరాలకు ఇచ్చింది. వాల్‌నట్ క్రీక్ నగరం కొత్తగా వచ్చే ప్రతి 1,000 మందికి 2.5 ఎకరాల చొప్పున లెక్క కట్టింది. ఇది పరిహారం లేకుండా ఆస్తిని తీసుకోవడమేనని సంఘం వాదించింది. ఆ లేఅవుట్ వల్లనే ఉద్యానం అవసరమైందని రుజువైతే తప్ప స్థలం అడగరాదన్నది దాని ప్రధాన తర్కం. 1971లో జస్టిస్ స్టాన్లీ మాస్క్ రాసిన తీర్పు దీన్ని తిరస్కరించింది. ఇప్పటి, రాబోయే లేఅవుట్లన్నిటి వల్ల కలిగే సాధారణ ప్రజావసరమే చాలునని నిర్ణయించింది.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించదగినది. ఉద్యానంలో నడిచేవారు కొత్త ఇళ్లలోకి వచ్చేవారే. దాని భారం ఇంటి ధరలో చేరితే మోసేవారూ వారే. కనుక సంఘం వాదన భావి నివాసికి ఒకవైపు మేలు, మరోవైపు కీడు.

3. లివర్‌మోర్: ఓటర్ల ఆంక్ష

శివ-విష్ణు ఆలయం కారణంగా నేటి ప్రవాసాంధ్రులకు పరిచితమైన లివర్‌మోర్, 1950లో నాలుగువేల పైచిలుకు జనాభా గల చిన్న పట్టణం. 1952లో అక్కడ అణు పరిశోధనాలయం నెలకొంది. 1970 నాటికి జనాభా 37 వేలు దాటింది. 1972 ఏప్రిల్‌లో నగర ఓటర్లు ప్రజాచొరవ ద్వారా ఒక శాసనం చేశారు. బడుల్లో రెండు పూటల పద్ధతి, కిక్కిరిసిన తరగతులు పోయేవరకు, మురుగునీటి శుద్ధి నిర్ణీత ప్రమాణాలను అందుకొనేవరకు, నీటి కోత లేకుండా అగ్నిమాపక అవసరాలకు తగిన నిల్వ ఉండేవరకు కొత్త నివాసగృహాలకు అనుమతులు ఇవ్వరాదన్నది దాని సారాంశం.

సంఘం మొదటి ఆయుధం విధివిధానం. భూవినియోగ నిబంధనలకు ముందు నోటీసు, బహిరంగ విచారణ తప్పనిసరి కనుక ప్రజాచొరవతో వాటిని చేయరాదని 1929 నాటి హర్స్ట్ కేసు తీర్పు చెప్పింది. ఈ నియమం సంఘానికి ప్రాణాధారం. విచారణ వేదికపై దానికి గొంతు ఉంది; బ్యాలెట్ పెట్టె దగ్గర లేదు. కింది కోర్టు సంఘం పక్షాన శాశ్వత నిషేధాజ్ఞ ఇచ్చింది.

1976 డిసెంబరులో జస్టిస్ మాథ్యూ టోబ్రినర్ తీర్పు ఆ ఆజ్ఞను రద్దు చేసి, హర్స్ట్ నియమాన్ని తోసిపుచ్చింది. అయితే తీర్పు అక్కడితో ఆగలేదు. ఆంక్ష ప్రభావం పరిసర ప్రాంతంపై గణనీయంగా ఉన్నప్పుడు, నగర సంక్షేమంతో పాటు ఆ ప్రాంత సంక్షేమాన్నీ తూచాలని నిర్దేశించింది. ప్రభావాన్ని, దాని కాలవ్యవధిని అంచనా వేయడం, పరస్పరం పోటీపడే ప్రయోజనాలను గుర్తించడం, వాటి మధ్య సహేతుకమైన సర్దుబాటు ఉందా అని చూడటం అనే మూడు మెట్లను సూచించింది. రుజువు భారాన్ని మాత్రం శాసనాన్ని సవాలు చేసినవారిపైనే ఉంచింది. 1971లో సంఘానికి వ్యతిరేకంగా రాసిన మాస్క్, ఈసారి బయటివారిని దూరంగా ఉంచే శాసనం చెల్లదంటూ భిన్నాభిప్రాయం రాశారు.

4. పెటలూమా: ప్రాతినిధ్య సమస్య

ఇదే కాలంలో సోనోమా కౌంటీలోని పెటలూమా నగరం ఏడాదికి 500 గృహాల పరిమితి విధించింది. అక్కడి నిర్మాణరంగ సంఘం ఫెడరల్ కోర్టుకెక్కింది. ప్రజల సంచార స్వేచ్ఛకు భంగమన్న వాదన కింది కోర్టులో నెగ్గినా, 1975లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టులో వీగిపోయింది. ఆ స్వేచ్ఛ రావాలనుకొనే మూడో పక్షానిదనీ, సభ్యుల ఆర్థిక నష్టం ఆధారంగా సంఘం దాన్ని వినియోగించుకోజాలదనీ కోర్టు చెప్పింది. సూత్రరీత్యా ఇది సబబే. కాని ఊళ్లో ఓటు లేని, ఇంకా పేరైనా తెలియని నివాసి కోర్టుకు ఎలా వస్తాడన్న ప్రశ్న మిగిలిపోయింది.

5. ముగింపు

ఆ ప్రశ్నకు కొంత జవాబు శాసనసభ నుంచి వచ్చింది. గృహాల సంఖ్యను పరిమితం చేసే శాసనం ప్రజారోగ్య, భద్రతా, సంక్షేమాలకు అవసరమని నగరమే రుజువు చేయాలని 1980లో కాలిఫోర్నియా చట్టం చేసింది. ప్రజాచొరవ శాసనాలకూ ఇది వర్తిస్తుందని 1986లో కామరియో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో వాది కూడా నిర్మాణరంగ సంఘమే. లివర్‌మోర్‌లో సంఘం మోయలేకపోయిన రుజువు భారం పదేళ్లు గడిచేసరికి నగరం భుజానికి మారింది.

సంఘం స్వార్థరహితమైనదని దీనికి అర్థం కాదు. భావి నివాసి ప్రయోజనం బిల్డరు లాభంతో కలిసివచ్చినంత మేరకే అది పలికింది. వాల్‌నట్ క్రీక్ ఉద్యానం దగ్గర ఆ రెండూ పూర్తిగా కలవలేదు. అయినా ఓటర్లు తలుపు మూసిన వేళ, బయట ఉన్నవారి మాట కోర్టు చెవిన పడింది ఈ దావా వల్లనే. వ్యాపార సంఘాల చరిత్రను గెలుపోటముల పట్టికగా కాక, వాటి ఓటముల్లో ఎవరి ప్రయోజనం చట్టానికెక్కిందో చూస్తూ రాయవలసి ఉంది.