దుప్పటి మీద ఎరుపు ఏ పొలంలో పండింది?

మొన్న మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తూ ఒక కలంకారీ దుప్పటి తెచ్చింది. దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద మూడు మాటలున్నాయి: సహజ రంగులు, పర్యావరణహితం, చేతిపని. ధర చూసి మా ఆవిడ దాన్ని మంచం మీద పరవకుండా మడిచి బీరువాలో పెట్టేసింది.

నా చూపు మాత్రం ఆ ఎరుపు మీద పడింది. రైతుని గదా, సహజ రంగు అంటే ఎక్కడో ఎవరో పండించి ఉండాలి, లేదా అడివిలోంచి ఏరుకొచ్చి ఉండాలి అనుకుంటాను. మరి ఈ ఎరుపు ఎవరి చేలో పండింది? అమ్మాయిని అడిగితే "అదేం ప్రశ్న నాన్నా" అంది. ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే నాలుగొందల ఏళ్ళ చరిత్ర బయటపడింది. మన బందరుదే, మన ఇసక నేలలదే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ వేరు సంగతి. దాని పేరు చిరివేరు. తమిళంలో సాయవేరు అంటారు. ఆ మాటే ఇంగ్లీషు వాళ్ళ నోట్లో పడి 'చే రూట్' అయింది. సముద్రం దగ్గర తేలికపాటి ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క. పైన చూస్తే కలుపు అనుకుని పీకి పారేస్తాం. విలువంతా కింద ఉన్న సన్నటి పొడుగాటి వేరులో ఉంది. ఆ వేరు బెరడులోంచే ఎర్ర రంగు వచ్చేది. దాన్ని సాగు కూడా చేసేవాళ్ళు. అయితే తనంతట తాను మొలిచిన మొక్క వేరుకే రంగు ఎక్కువ అని పేరు. 1780ల్లో సామర్లకోట తోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ మన కోస్తా మొక్కల మీద వేసిన పెద్ద పుస్తకంలో, 1795లో, దీన్ని బొమ్మతో సహా ఎక్కించాడు.

అంతకు చాలా ముందే దీని పేరు సముద్రాలు దాటింది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' ముందు నిజాంపట్నం రేవుకి, తర్వాత బందరుకి వచ్చింది. డచ్చి వాళ్ళు అంతకు ఐదారేళ్ళ ముందే దిగారు. అప్పుడు బందరు గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న విలియం మెథ్వోల్డ్ అనే కంపెనీ మనిషి తను చూసింది రాసుకున్నాడు. ఇక్కడి అద్దకపు గుడ్డలు ఎన్ని ఉతుకులు ఉతికినా, గుడ్డ చిరిగేదాకా రంగు పోదనీ, దానికి కారణం ఈ దేశంలో దొరికే ఒక మొక్కేననీ ఆయన రాశాడు. ఆ మొక్క ఇదే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వేరు ఉడకబెట్టి గుడ్డ ముంచితే రంగు రాదు. వచ్చినా నిలవదు. దాని వెనక పెద్ద పని ఉంది. గుడ్డని పేడనీళ్ళలో నానేసి, ఎండలో ఆరేసి, మళ్ళీ తడిపి తెల్లబరచాలి. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. పాలల్లో జిడ్డు ఉంటుంది గనక తర్వాత వేసే గీత పాకకుండా నిలుస్తుంది. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రావకంతో గీస్తే, అది కరక్కాయతో కలిసి నలుపు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూయాలి. అప్పుడు చిరివేరుతో ఉడకబెడితే పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటిన రంగు పేడలో, ఎండలో, పారే నీళ్ళలో వదిలిపోతుంది. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచాలి. ఆకుపచ్చ కావాలంటే ఆ నీలం మీద పసుపు రంగు పూయాలి. ఒక్క దుప్పటికి వారాల తరబడి పని.

ఇందులో ఉన్నవన్నీ చూడండి. పేడ, పాలు, కరక్కాయ, బెల్లం, పత్తి, వేరు, నీలి, ఎండ, పారే నీరు. పటిక, ఇనుము తప్ప మిగతాదంతా పొలం నుంచీ పశువుల నుంచీ అడివి నుంచీ వచ్చిందే. ఇవ్వాళ పర్యావరణహితం అని అట్టముక్క మీద రాసుకుంటున్నాం గానీ, ఆ రోజుల్లో అదొక్కటే దారి.

ఈ గుడ్డలు ఇంగ్లండు ఇళ్ళల్లోకి ఎట్లా వెళ్ళాయో చూద్దాం. శామ్యూల్ పెపిస్ అనే లండన్ ఉద్యోగి 1663 సెప్టెంబరులో తన డైరీలో రాసుకున్నాడు, భార్య చదువుకునే గది గోడలకి వేయడానికి అద్దకపు ఇండియా గుడ్డ కొన్నానని. అంటే మన గుడ్డ అక్కడ ఒంటి మీదకే కాదు, గోడ మీదకీ, కిటికీకీ, కుర్చీకీ, మంచానికీ ఎక్కింది. మంచం మీద పరిచే పెద్ద గుడ్డని పలంగ్‌పోష్ అనేవాళ్ళు. అది వాళ్ళ నోట్లో 'పాలంపోర్' అయింది. వాళ్ళ ఇష్టాన్ని బట్టి మన డిజైనూ మారింది. ఎర్ర నేల మీద పూలున్న దుప్పట్లు అక్కడ సరిగ్గా పోవడం లేదు, తెల్ల నేల మీద కొమ్మలూ పూలూ వేయించి పంపండి అని లండన్ కంపెనీ 1643లోనే సూరత్‌లోని తన మనుషులకి ఉత్తరం రాసింది. ఇవ్వాళ మనం మన ప్రాచీన కళ అని చూపించే పూలచెట్టు దుప్పటిలో కొనేవాడి కోరిక కూడా కలిసి ఉంది. అందులో తప్పేం లేదు. మనం పండించే ధాన్యం రకమూ మార్కెట్టు అడిగిందే గదా.

ఇది చూసి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళకి కడుపు మండింది. వాళ్ళ మంటా అన్యాయం కాదు, పని పోయింది మరి. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఇండియా అద్దకపు గుడ్డలు తెచ్చి వాడుకోవడాన్ని ఆపింది. అయినా ఆగలేదు. 1719లో లండన్‌లో నేతగాళ్ళు రోడ్ల మీద ఆడవాళ్ళు కట్టుకున్న అద్దకపు బట్టలు చించారు, వాటి మీద యాసిడ్ పోశారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. అందులో బట్టలతో పాటు ఇంట్లో వాడే గుడ్డల పేరూ చేర్చారు. పరుపు మీద, కుర్చీ మీద అద్దకపు గుడ్డ ఉంటే నేరం!

దీనికి ఒక తమాషా ఉదాహరణ ఉంది. డేవిడ్ గారిక్ అని లండన్‌లో పేరుమోసిన నాటక నటుడు. ఆయనకి కలకత్తా వర్తకులు కానుకగా అద్దకపు మంచం తెరలు పంపారు. ఆ తెరలు తయారైంది మన బందరులో. 1775లో కస్టమ్స్ వాళ్ళు వచ్చి వాటిని పట్టుకుపోయారు. అంత పెద్ద మనిషీ ప్రభుత్వానికి బతిమాలుతూ ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆ తెరలు మళ్ళీ ఆ ఇంటికి చేరాయి. ఆ మంచమూ, తెరలూ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గారిక్ పేరుంది, మంచం చేసిన షాపు వాడి పేరుంది. ఆ తెరలకి రంగు వేసిన బందరు మనిషి పేరు మాత్రం లేదు. చిరివేరు తవ్విన మనిషి పేరు సంగతి ఇక చెప్పేదేముంది.

నిషేధం పెట్టిన వాళ్ళు ఊరుకున్నారా? లేదు, పని నేర్చుకున్నారు. 1730ల్లో బొల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో అద్దకం దగ్గరుండి చూసి, ప్రతి దశకీ ఒక గుడ్డముక్క కత్తిరించి కాగితాలకి అతికించి పట్టుకుపోయాడు. 1742లో కెర్దూ అనే జెసూట్ ఫాదర్ కొత్తగా క్రైస్తవంలో చేరిన అద్దకపువాళ్ళ దగ్గర వివరాలన్నీ కనుక్కుని ఫ్రాన్సుకి పెద్ద ఉత్తరం రాశాడు. ఈయన తెలుగు బాగా వచ్చినవాడు, నిఘంటువు కూడా కట్టాడు. తరతరాల పనితనం, ఉత్తరంలో పెట్టి పంపేశారు. ఫ్రాన్సు 1759లో నిషేధం ఎత్తేసింది. మరుసటి ఏడే వెర్సాయ్ పక్కన జూయ్ అనే ఊళ్ళో ఓబర్‌కాంఫ్ అద్దకపు కార్ఖానా పెట్టాడు. అదే 1759లో ఇంగ్లీషు వాళ్ళు బందరు కోటని ఫ్రెంచి వాళ్ళ దగ్గర గెలుచుకున్నారు. అంతకు ముందు డచ్చి వాడు తక్కువ ఇస్తే ఇంగ్లీషు వాడి దగ్గరకి, వాడూ కాదంటే ఫ్రెంచి వాడి దగ్గరకి పోయే వీలుండేది. కొనేవాడు ఒక్కడే మిగిలాక అమ్మేవాడి గతేంటో రైతులకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు దెబ్బ. 1868లో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగుని ప్రయోగశాలలో తయారు చేశారు. చిరివేరులో ఉన్న ఎరుపు సారం కూడా అదే అలిజరిన్. కొన్నేళ్ళలోనే కార్ఖానా అలిజరిన్ చవగ్గా మార్కెట్లోకి వచ్చింది. మన చిరివేరు ఒక్కటే కాదు, ఫ్రాన్సులో అవిన్యోన్ చుట్టూ మంజిష్ఠ జాతి వేరు పండించి ఎరుపు అమ్ముకునే రైతులూ దివాలా తీశారు. దానికి ముందే, 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో బందరు ప్రాంతంలో దాదాపు 30 వేల మంది పోయారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క మార్కెట్టు.

ఇంతవరకు చదివి "సహజ రంగు మంచిది, కార్ఖానా రంగు చెడ్డది" అనుకుంటే ఆగండి. నీలం కథ కూడా వినాలి.

నీలి మొక్క మన జీలుగ, పిల్లిపెసర జాతిదే, కాయధాన్యపు కుటుంబం. రంగు తీశాక మిగిలిన పిప్పి మంచి ఎరువు. మన కడప నీలిమందుకి లండన్ మార్కెట్లో 'కుర్పా' అని వేరే పేరే ఉండేది. నేలకి ఇంత మేలు చేసే పంటే. అయినా బెంగాల్లో ఏం జరిగింది? తోటల దొరలు అడ్వాన్సు ఇచ్చి రైతుని అప్పులో కట్టేసి, వరి వేసుకోవాల్సిన మంచి నేలలో నీలి వేయించారు. 1859లో రైతులు వెయ్యం అని తిరగబడ్డారు. చంపారన్‌లో 20 కఠాల భూమిలో 3 కఠాలు నీలికి వదలాలని కట్టడి. అక్కడికే 1917లో గాంధీ గారు వెళ్ళింది. 1897లో జర్మనీ కార్ఖానా నీలిమందు వచ్చాక పంట ధర పడిపోతే, ఆ నష్టం కూడా రైతు నెత్తినే రుద్దారు. నీలి సాగు మానుకోనిస్తాం, బదులుగా శిస్తు పెంచుతాం అన్నారు.

నాకు అర్థమైంది ఇదీ. ఆ రంగు నూటికి నూరు పాళ్ళు సహజం. మట్టిలో పుట్టింది, మట్టిలో కలుస్తుంది. కానీ అది పండించిన మనిషికి న్యాయం జరగలేదు. రంగు చెట్టుదా కార్ఖానాదా అన్నది ఒక ప్రశ్న. ఆ డబ్బు ఎవరికి చేరింది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి, రెండోది కూడా చెప్పేసినట్టు మనల్ని నమ్మిస్తున్నారు.

ఇవ్వాళ్టికి వద్దాం. స్వతంత్రం వచ్చాక హస్తకళల బోర్డు, కమలాదేవి చట్టోపాధ్యాయ లాంటి వాళ్ళ పూనికతో కలంకారీ మళ్ళీ ఊపిరి పోసుకుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. బందరు, పెడన వైపు టేకు అచ్చులతో అద్దుతారు. కరక్కాయ, పటిక, బెల్లం ఇనుము నలుపు ఇప్పటికీ ఉన్నాయి. గుడ్డలు కాలవ నీళ్ళలో జాడించి గట్టున ఆరేయడం ఇప్పటికీ చూడొచ్చు. కానీ ఎరుపు? చాలా చోట్ల అది డబ్బాలో వచ్చే అలిజరినే. దాన్ని వాడే పనివాణ్ణి నేను తప్పు పట్టను. చిరివేరు తవ్వేవాళ్ళు లేరు, పండించేవాళ్ళు లేరు, కొనేవాడు ఆ ధర ఇవ్వడు. అతను చేసేది ఏముంది? పైగా స్క్రీన్ ప్రింటు వేసి కలంకారీ అని అమ్మేవాళ్ళతో పోటీ. నా గొడవల్లా అట్టముక్క మీద అబద్ధం రాయొద్దని.

కాబట్టి ఇల్లు అందంగా, పచ్చగా ఉంచుకోవాలనుకునే వాళ్ళకి నా మాట ఒక్కటే. కొనండి, తప్పకుండా కొనండి. కొనేముందు మూడు అడగండి. ఎరుపు వేరుదా డబ్బాదా? రంగునీళ్ళు కడిగి ఎక్కడికి వదులుతున్నారు? ఈ ధరలో అద్దిన మనిషికి ఎంత ముట్టింది? మూడింటికీ జవాబు దొరక్కపోవచ్చు. అడిగేవాళ్ళు పదిమంది అయితే, చెప్పేవాడు ఒక్కడైనా తయారవుతాడు.

మా ఆవిడతో చెప్పి ఆ దుప్పటి బీరువాలోంచి తీయించాను. మంచం మీద పరిచాం. గారిక్ దొర ఇంట్లో వేలాడిన రంగు మన బందరుదైనప్పుడు, మన ఇంట్లో బీరువాలో దాక్కోవడం ఎందుకు?

ఒక్క విన్నపం. నిజాంపట్నం, బాపట్ల, చీరాల వైపు ఇసక నేలల రైతులు ఈ పేజీ చదివేవాళ్ళలో ఉన్నారు. మీ చేల గట్ల మీద చిరివేరు ఇంకా కనిపిస్తోందా? మీ పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలిచేవాళ్ళు? తెలిస్తే కింద రాయండి. కలుపు అని పీకేముందు ఒక ఫోటో కూడా తీయండి.