సంతకం కార్డుల పెట్టె: రేపటి ఆటగాడిపై నేటి పందెం

రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు గల చిన్న అట్ట. దానిపై ఇంకా అగ్రశ్రేణి పోటీల్లో అడుగుపెట్టని బేస్‌బాల్ యువకుడి చిత్రం, ఆ చిత్రం మీద అతని సంతకం. అమెరికాలో ఇటువంటి కార్డులను మూసిన పెట్టెలలో విక్రయిస్తారు. లోపల ఎవరి కార్డు ఉన్నదో పెట్టె విప్పేవరకు కొన్నవారికి తెలియదు.

బేస్‌బాల్ కార్డులు తొలి దశలో సిగరెట్ పెట్టెలతోపాటు వచ్చేవి. 1909-1911 మధ్య అలా వెలువడిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. తరువాతి కాలంలో బబుల్‌గమ్ సంస్థలు ఈ వ్యాపారాన్ని చేపట్టాయి. 1948లో బేస్‌బాల్ కార్డులు ఆరంభించిన బౌమన్ సంస్థను 1956లో టాప్స్ కొనుగోలు చేసింది. 1989లో పునరుద్ధరించిన బౌమన్ పేరు నేడు వర్ధమాన ఆటగాళ్ల కార్డులకు ప్రసిద్ధి.

పెట్టెలో కొన్ని ప్యాకెట్లు, ప్రతి ప్యాకెట్‌లో కొన్ని కార్డులు ఉంటాయి. అరుదైన కార్డు లభించే అవకాశం ఎంతో ప్యాకెట్‌పైనే ముద్రిస్తారు. పరిమిత సంఖ్యలో వచ్చే కార్డులపై వరుస సంఖ్య ఉంటుంది. ప్రపంచంలో ఒక్కటే ఉండే కార్డును ‘సూపర్‌ఫ్రాక్టర్’ అంటారు. ఆటగాడు కార్డుపైనే చేసిన సంతకానికి, స్టిక్కర్‌పై చేసి అతికించిన సంతకం కంటే ఆదరణ ఎక్కువ. సంతకం సకాలంలో అందనప్పుడు, తరువాత అసలు కార్డు పొందేందుకు వీలుగా సంకేత సంఖ్య గల చీటీని ఉంచుతారు.

కార్డు విలువ ఆటగాడి భవిష్యత్తును అనుసరిస్తుంది. 2009 డ్రాఫ్ట్‌లో 25వ స్థానంలో ఎంపికైన మైక్ ట్రౌట్ తరువాత మేటి ఆటగాడయ్యాడు. ఆ ఏటి అతని సంతకపు సూపర్‌ఫ్రాక్టర్ 2020 వేలంలో 39 లక్షల డాలర్లకు పైగా పలికింది.

అందరి దారీ అంత సాఫీగా సాగదు. తల్లి వైపున భారత సంతతికి చెందిన కుమార్ రాకర్ 2019లో కళాశాల పోటీలో ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకున్నా, వైద్య సందేహాలతో ఒప్పందం కుదరలేదు. మరుసటి ఏడాది టెక్సాస్ రేంజర్స్ మూడో స్థానంలో ఎంచుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. చివరకు 2024 సెప్టెంబరులో అగ్రశ్రేణి పోటీలో తొలి బంతి విసిరాడు. ఇటువంటి ఒక్కొక్క మలుపుతో కార్డుల ధరలు పెరుగుతూ తరుగుతూ ఉంటాయి.

పెట్టె విప్పేవారు కార్డును అంచులతోనే పట్టుకుని, వెంటనే పారదర్శక తొడుగులో ఉంచడం ఆనవాయితీ. మూల నలిగితే ధర పడిపోతుంది. పీఎస్‌ఏ వంటి సంస్థలు కార్డు స్థితిని పరిశీలించి పదికి ఇన్ని అని శ్రేణి ఇస్తాయి. పెట్టెకు పెట్టిన సొమ్ము తిరిగి రాకపోవచ్చు గనుక, పిల్లలు కొనేటప్పుడు పెద్దలు దానిని పెట్టుబడిగా కాక వినోదపు ఖర్చుగానే లెక్కించడం మేలు.

ఎర్రబోరు ఉన్న బస్తర్ ప్రాంతంలో బేస్‌బాల్ కార్డుల సంత లేదు. అయినా ఈ ఆటకు సోదర క్రీడ వంటి సాఫ్ట్‌బాల్ అక్కడ కొత్త కాదు. పొరుగున ఉన్న బీజాపూర్‌లోని క్రీడా అకాడమీలో శిక్షణ పొందిన బాలికలు అంతర్జాతీయ పోటీలకు ఎంపికయ్యారు. వారి చిత్రాలతో, సంతకాలతో కార్డులు వెలువడకపోయినా, వర్ధమాన క్రీడాకారులను ముందుగా గుర్తించి ప్రోత్సహించవలసిన అవసరం అక్కడా అంతే ఉంది.